ఆడించడం కూడా ఒక చదువే

ప్రతి ఏడాదిలాగే ఈసారి కూడా మా తొమ్మిదో తరగతి పిల్లలకు కెరీర్ ఫారాలు ఇచ్చాం. పేరు, సెక్షన్, ఇష్టమైన సబ్జెక్టు, పెద్దయ్యాక ఏమవుతావు, ఎందుకు. అంతే, ఐదు గడులు. ఫారాలు తీసుకుని ఒక్కొక్కటీ చూస్తున్నాను. చాలావాటిలో ఇంజనీరు, డాక్టరు. అక్కడక్కడా ఐఏఎస్, పైలట్, క్రికెటర్. ఒక అమ్మాయి ఫారం దగ్గర మాత్రం ఆగిపోయాను. నాలుగో గడిలో పెన్సిల్‌తో గుండ్రటి అక్షరాల్లో "రిక్రియేషనల్ థెరపిస్ట్" అని రాసి ఉంది.

"ఇదేంటమ్మా? ఎక్కడ చూశావ్?" అని అడిగాను.

"మా పెద్దమ్మ వాళ్ల అక్క కెనడాలో ఇదే చదువుతోంది మేడమ్. ముసలోళ్లతో, దెబ్బలు తగిలినోళ్లతో ఆటలు ఆడిపిస్తరంట. పాటలు పాడిపిస్తరంట. దానికి కూడా డిగ్రీ ఉందంట" అంది.

వెనక బెంచీలోంచి ఎవరో "అంటే గేమ్స్ సారా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను కూడా కొంచెం నవ్వాను. "ఈ ఫారం పీటీఎంలో మీ నాన్నగారికి చూపిస్తాం కదా. అందరికీ తెలిసింది ఏదైనా రాయి" అన్నాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. రబ్బరు తీసి చెరిపేసి, అదే గడిలో "డాక్టర్" అని రాసి ఇచ్చింది. చెరిపిన మాట కింద అచ్చుపడి ఇంకా కనిపిస్తూనే ఉంది.

ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా నాన్న వరండాలో పక్కింటి పిల్లలతో ఓనగుంటలు ఆడుతున్నారు. కొందరు వామనగుంటలు అంటారు. పీట మీద పద్నాలుగు గుంటలు, వాటిలో చింతగింజలు. నాన్న కుడిచేత్తో ఒక గుంటలోని గింజలు తీసి, ఒక్కొక్కటే పక్క గుంటల్లో వేసుకుంటూ పోతున్నారు. చూపుడువేలు పూర్తిగా వంగదు. అయినా గింజ జారదు. చెప్పులు విప్పుతూ అక్కడే నిలబడిపోయాను. పొద్దున క్లాసులో నేను ఏ మాటకు నవ్వానో, అది మా ఇంట్లోనే జరిగిందని అప్పుడు గుర్తొచ్చింది.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా నాన్న చేయి పవర్ ప్రెస్‌లో పడింది. చూపుడువేలు, మధ్యవేలు నలిగాయి. ఆపరేషన్ చేసి, తెగిన నరాలనూ కండరాల్ని ఎముకకు కలిపే పట్టీలనూ కుట్టారు. కట్టు విప్పాక ఫిజియోథెరపీ రాశారు. మెత్తటి బంతి ఇచ్చి రోజుకు ఇన్నిసార్లు నొక్కాలి, వేళ్లు ఇలా ముడవాలి, ఇలా చాపాలి అని చూపించారు. నాన్న వారం రోజులు చేశారు. తర్వాత బంతి మంచం కిందికి వెళ్లిపోయింది. నొప్పి ఒక్కటే కారణం కాదు. చేతిని ఎప్పుడూ తువ్వాలు కింద దాచుకునేవారు. ఎవరైనా ఇంటికొస్తే లోపలి గదిలోకి వెళ్లిపోయేవారు. ఇరవై ఏళ్లు మెషీన్ ముందు నిలబడిన మనిషికి రబ్బరు బంతి నొక్కుతూ కూర్చోవడం నామోషీ అనిపించిందేమో.

అప్పుడు అమ్మ పక్కింటి నుంచి ఈ పీట తెచ్చింది. "నాకు తోడు ఎవరూ లేరు, ఒక్క ఆట" అని కూర్చోబెట్టింది. ఓడినవాళ్లు టీ పెట్టాలని పందెం. మొదట్లో నాన్న గింజలన్నీ అరచేత్తో పోగుచేసి ఎడంచేతిలోకి వేసుకునేవారు. అమ్మ ఒప్పుకోలేదు. "తొండి. కుడిచేత్తోనే తియ్యాలె, ఒక్కొక్కటే వెయ్యాలె" అనేది. కొన్ని వారాలకు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజ నిలబడటం మొదలైంది. మళ్లీ చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టరు గారు చూసి, ఎక్సర్‌సైజులు బాగా చేసినట్టున్నారే అన్నారు. నాన్న నా వైపు చూసి నవ్వారు. ప్రమాదం తర్వాత ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

చింతగింజలతో చేయి బాగైందని నేను చెప్పడం లేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు, ఏ వేలు ఎంత వంచాలో చెప్పిన ఫిజియోథెరపిస్టు లేకపోతే అమ్మ పీట ఏమీ చేయలేదు. కానీ వాళ్లు చెప్పిన పనిని నాన్న చేత వందలసార్లు, విసుగు లేకుండా చేయించింది మాత్రం ఆటే.

ఆ ఆదివారం కూర్చుని ఆ అమ్మాయి రాసిన మాట గురించి వెతికి చదివాను. చదివినకొద్దీ నా మీద నాకే కోపం వచ్చింది. తెలుసుకున్నది మీతో పంచుకుంటాను. ఇలాంటి మాట రేపు మీ ఇంట్లో కూడా ఏ బిడ్డ నోటి నుంచైనా రావచ్చు.

జబ్బు చేసినా, ప్రమాదం జరిగినా, మనిషిని మళ్లీ నిలబెట్టడానికి ఒక్కరు సరిపోరు. ఫిజియోథెరపిస్టు కండరాలకు, కీళ్లకు బలం తెస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు రోజువారీ పనులు మళ్లీ నేర్పుతారు: చొక్కా గుండీ పెట్టుకోవడం, ముద్ద కలుపుకుని తినడం, పెన్ను పట్టుకోవడం. రిక్రియేషనల్ థెరపిస్టు పని ఆ తర్వాత మొదలయ్యే జీవితం గురించి. పక్షవాతం వచ్చిన పెద్దాయన లేచి నడవగలిగినా ఇంట్లోంచి బయటికి రావడం లేదు. ఒకప్పుడు ప్రతి శనివారం భజనలో తాళం వేసిన మనిషి. ఆయన్ని మళ్లీ ఆ భజన దాకా చేర్చడానికి ఏ మెట్లు ఎక్కించాలి? ఎంతసేపు కూర్చోగలరు, తాళం పట్టుకోగలరా, పదిమందిలో మాట తడబడితే ఎలా తట్టుకుంటారు? ఆట, పాట, బొమ్మలు, తోటపని, ఈత వంటివాటిని మందులా లెక్కగా వాడి ఈ ప్రశ్నలకు జవాబు వెతకడమే ఆ వృత్తి.

దీని వెనక పాత చరిత్రే ఉంది. రోగులు ఎప్పుడూ అవే నాలుగు గోడలు చూస్తూ పడుకుంటే కుంగిపోతారనీ, రంగులు, పువ్వులు, చూడటానికి ఏదో ఒక కొత్తదనం కోలుకోవడానికి తోడ్పడతాయనీ ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లోనే నర్సింగ్ మీద తన పుస్తకంలో రాశారు. రెండో ప్రపంచ యుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కోసం 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో ఒక విభాగం తెరిచారు. దాన్ని నడిపిన డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ చికిత్సలో భాగంగానే రోగుల చేత ఆటలు ఆడించారు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, చక్రాల కుర్చీల్లో ఉన్న 16 మందితో ఆస్పత్రి ఆవరణలో విలువిద్య పోటీ పెట్టారు. ఆ పోటీయే పెరిగి పెరిగి 1960లో రోమ్‌లో మొదటి పారాలింపిక్స్ అయింది. ఈ రోజు మనం టీవీలో చూసే ఆ పతకాల మొదలు ఒక ఆస్పత్రి వార్డులో ఉంది.

మన దగ్గర పారాలింపిక్స్ అనగానే వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి గుర్తొస్తుంది. మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారులు పరిగెత్తే టీ20 విభాగంలో 400 మీటర్ల పరుగులో 2024లో పారిస్‌లో కాంస్యం గెలిచింది. చిన్నప్పుడు ఊళ్లో ఎగతాళి ఎదుర్కొన్న పిల్ల. ఆమె పరిగెత్తింది చికిత్స కోసం కాదు, గెలవడానికి. అయినా ఆమె కథలో మనం చూడాల్సింది ఒకటుంది. ఆ పిల్లకు ఏది రాదో అందరూ చెప్పారు. ఏది వచ్చో గమనించి అక్కడి నుంచి మొదలుపెట్టినవాళ్లు ఉండబట్టి ఆమె పారిస్ దాకా వెళ్లింది. థెరపీలో కూడా మొదటి అడుగు అదే. ఎదుటి మనిషికి ఏది వచ్చో, ఏది ఇష్టమో ముందు తెలుసుకోవాలి.

మరి ఆడించడానికి విశ్వవిద్యాలయంలో చదువు ఎందుకు? మా అమ్మ ఏ డిగ్రీ లేకుండానే చేసింది కదా. ఈ ప్రశ్న నాకూ వచ్చింది. ఆలోచిస్తే భయం వేసింది. అమ్మ ఆ పీట తెచ్చింది కట్టు విప్పి, ఫిజియో మొదలైన తర్వాత. అంతకు కొన్ని వారాల ముందే తెచ్చి ఉంటే? కుట్టిన పట్టీ అతకకముందే వేలిమీద బలం పెడితే అది మళ్లీ తెగిపోవచ్చు. అప్పుడు ఇంకో ఆపరేషన్. అమ్మ సరైన సమయానికి తేవడం మా అదృష్టం. అదృష్టం మీద ఆధారపడకుండా అదే పని చేయడానికే ఆ చదువు.

ఆ చదువులో నాలుగు మెట్ల పద్ధతి నేర్పుతారు. ముందు పరిశీలన: ఈ మనిషికి ఏం చేతనవుతుంది, ఏం కాదు, దేనిమీద ఇష్టం ఉంది. రెండోది ప్రణాళిక: ఇన్ని వారాల్లో ఇది సాధించాలి అని కొలవగలిగే లక్ష్యం రాసుకోవడం. మూడోది అమలు. నాలుగోది ఫలితం చూసి, అవసరమైతే దారి మార్చడం. ప్రతి మెట్టూ కాగితం మీద ఉండాలి. మా నాన్న విషయంలో ఒక థెరపిస్టు ఉండి ఉంటే మొదటి రోజు నిమిషంలో ఎన్ని గింజలు తీయగలిగారో రాసేవారు. ముందు పెద్ద గింజలు, తర్వాత చిన్నవి ఇచ్చేవారు. వేలు వాచితే ఆ రోజు ఆట ఆపేవారు. చూసేవాళ్లకు మాత్రం ఇద్దరు కూర్చుని ఆడుకుంటున్నట్టే ఉంటుంది.

అమెరికాలో ఈ వృత్తికి సర్టిఫికెట్ ఇచ్చే జాతీయ మండలి 1981లో ఏర్పడింది. అక్కడ ఈ సబ్జెక్టులో డిగ్రీ చదవాలి. శరీర నిర్మాణం, మానసిక రుగ్మతలు, పుట్టుక నుంచి వృద్ధాప్యం దాకా మనిషి ఎదుగుదల తప్పనిసరి పాఠాలు. తర్వాత కనీసం 14 వారాల పాటు 560 గంటల ఇంటర్న్‌షిప్, ఆపై పరీక్ష. నార్త్ కరోలినా, యూటా వంటి కొన్ని రాష్ట్రాల్లో విడిగా లైసెన్సు కూడా తీసుకోవాలి. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీ, కెనడాలో హాలిఫాక్స్‌లోని డల్‌హౌసీ, ఒంటారియోలోని వాటర్లూ విశ్వవిద్యాలయాలు ఈ చదువు చెబుతున్నాయి.

మన దేశంలో సంగతి వేరు. ఇదే పేరుతో డిగ్రీ మన దగ్గర వ్యాప్తిలో లేదు. కానీ వృత్తికి గుర్తింపు మొదలైంది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం షెడ్యూలులో ఆర్ట్ థెరపిస్టు, డ్యాన్స్ థెరపిస్టులతో పాటు రిక్రియేషనల్ థెరపిస్టు పేరు కూడా ఉంది. మా క్లాసు నవ్విన మాట దేశం చట్టంలో అచ్చయి ఉందన్నమాట.

ఆ పనికి దగ్గరగా తీసుకెళ్లే దారులు మాత్రం ఇప్పటికే ఉన్నాయి. మొదటిది ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు ఇది మంచి దారి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు, అంతకు కొంచెం ఎక్కువ కూడా పట్టవచ్చు. మన దేశంలో ఈ చదువు కొత్తదేమీ కాదు. 1950లోనే కమలా నింబ్కర్ ముంబైలో ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాల మొదలుపెట్టారు. రెండోది స్పెషల్ ఎడ్యుకేషన్. దీనికి మనం చాలా దూరం వెళ్లక్కర్లేదు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఒక జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దాన్ని నీపిడ్ అంటున్నారు. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా, బీఎడ్ వంటి కోర్సులు అక్కడ ఉన్నాయి. మూడోది సైకాలజీ లేదా సోషల్ వర్క్ డిగ్రీ చదివి, ఆ తర్వాత డ్యాన్స్ మూవ్‌మెంట్ థెరపీ, మ్యూజిక్ థెరపీ వంటివాటిలో ప్రత్యేక శిక్షణ తీసుకోవడం. ఏ కోర్సులో చేరే ముందైనా దానికి గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. స్పెషల్ ఎడ్యుకేషన్‌కైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు తప్పనిసరి. అది లేని సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది. ప్రవేశాల నియమాలు ఏటా మారుతుంటాయి కాబట్టి చేరే ఏడాది నోటిఫికేషన్ చదివాకే ఫీజు కట్టండి.

డిసెంబరులో పీటీఎం వచ్చింది. ఆ అమ్మాయి నాన్నగారు పాశమైలారం వైపు ఒక మందుల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మార్కులు చూసి, ఫారం చూసి, "డాక్టరని రాసింది గని మేడమ్, ఇంట్ల ఇంకో మాట చెప్తది. ఆటలాడిపిచ్చే చదువంట. గట్ల ఆడిపిస్తే జీతమెవరిస్తరు?" అన్నారు.

డాక్టరని రాయించింది నేనేనని ముందు చెప్పేశాను. ఆయన ఒక నిమిషం ఏమీ అనలేదు. తర్వాత, "నేను పన్నెండేండ్ల సంది రియాక్టర్ కాడ నిలబడ్డ మేడమ్. ఫీజు కట్టనీకి డబుల్ డ్యూటీలు చేసిన దినాలున్నయ్. నా బిడ్డ మంచిగ ఏసీ రూంల కూసోవాలె. గంతే" అన్నారు.

ఆ మాటకు నా దగ్గర తయారైన జవాబు లేదు. నేనూ అలాంటి ఇంట్లోంచే వచ్చాను. అందుకే ఉన్నదున్నట్టు చెప్పాను. సార్, ఈ పనిలో సాఫ్ట్‌వేర్ జీతం రాదు. మొదటి ఏళ్లలో తక్కువే ఉంటుంది. విదేశాల్లో చదివించాలంటే ఖర్చు ఎక్కువ, ఆ ఖర్చు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది, వీసా ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. అందుకని ఇప్పుడే కెనడా అనుకోవద్దు. ఇక్కడ ఆక్యుపేషనల్ థెరపీ చదివితే ఆస్పత్రుల్లో, పిల్లల థెరపీ సెంటర్లలో పని ఉంటుంది. స్పెషల్ ఎడ్యుకేషన్ చదివితే స్కూళ్లలో ఉంటుంది, సీబీఎస్ఈ స్కూళ్లలో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలన్నది నియమం. ప్రభుత్వం వైపు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసే జిల్లా స్థాయి కేంద్రాలు ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించే వైకల్యాలు ఏడు నుంచి ఇరవై ఒకటికి పెరిగాయి. ఆటిజం కూడా అందులో ఉంది. ఈ పిల్లలకు, వీళ్ల ఇళ్లకు పనిచేసే మనుషులు కావాలి.

ఇంకో మాట కూడా చెప్పాను. మన దగ్గర ఈ అవసరం ఎంత ఉందో మన రోడ్డు చూస్తే తెలుస్తుంది కదా సార్. బొల్లారం నుంచి ఇస్నాపూర్, రుద్రారం దాకా ఎన్ని కంపెనీలు. మెషీన్లో చేయి పడినవాళ్లు, కాలినవాళ్లు, హైవే మీద బండి పడి తలకు దెబ్బ తగిలినవాళ్లు. అపార్ట్‌మెంట్లలో పగలంతా ఒంటరిగా కూర్చునే పెద్దవాళ్లు. ఆస్పత్రి వాళ్లు ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపుతారు. ఇంటికొచ్చిన మనిషి ఆ తర్వాత ఏం చేస్తూ బతకాలో చెప్పేవాళ్లే లేరు. మా నాన్న చేతి గురించి అప్పుడే ఆయనకు చెప్పాను.

ఆయన చాలాసేపు ఫారం వైపే చూశారు. "మా అమ్మకు పోయిన యేడు పక్షవాతమొచ్చింది మేడమ్. కుడిచెయ్యి లేస్తలేదు. ఈ పిల్లనే రోజూ పక్కన కూసుంటది" అన్నారు. ఈ మాట క్లాసులో ఎప్పుడూ నా చెవిన పడలేదు. ఫారంలో ఐదో గడి "ఎందుకు" అని ఉంది. దాన్ని నేను చదవనే లేదు. అక్కడ మూడే మాటలు ఉన్నాయి: "మా నానమ్మ కోసం." నాలుగో గడి చెరిపినప్పుడు ఈ గడిని ఆ అమ్మాయి చెరపలేదు.

వెళ్తూ వెళ్తూ ఆయన, "టెన్త్ కానీ మేడమ్. ఇంటర్ల బైపీసీ ఇప్పిద్దాం. అటెనక ఏది రాసిపెట్టుంటే అది" అన్నారు. ఒప్పుకున్నట్టు కాదు, కాదన్నట్టూ కాదు. బైపీసీ నుంచి డాక్టరు దారీ ఉంది, థెరపీ దారీ ఉంది. నాకు అది న్యాయంగానే అనిపించింది. తొమ్మిదో తరగతి బిడ్డ జీవితాన్ని ఆ రోజే తేల్చాల్సిన పని మా ఇద్దరికీ లేదు.

ఇలాంటి ఇష్టం ఉన్న పిల్లలు ఇప్పటి నుంచే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బయాలజీని మార్కుల కోసమే కాకుండా ఇష్టంగా చదవాలి. ఇంగ్లీషు ఎంత ముఖ్యమో తెలుగు అంతే ముఖ్యం. నానమ్మ నొప్పిని నానమ్మ మాటల్లోనే వినగలిగినవాళ్లే ఈ పనికి పనికొస్తారు. మన ప్రాంతంలో ఒడిశా, బీహార్ కార్మికులు చాలామంది ఉన్నారు కాబట్టి హిందీ కూడా అక్కరకొస్తుంది. సెలవుల్లో పెద్దల అనుమతితో భవిత కేంద్రంలోనో వృద్ధాశ్రమంలోనో కొన్ని గంటలు గడిపి చూడాలి. ఓపిక, జాలి రెండూ ఒకటి కాదని అక్కడ తెలుస్తుంది. ఒక్కరోజు సరదాగా ఉండి రెండో వారం విసుగొస్తే, ఆ సంగతి ఇప్పుడే తెలియడం కూడా మంచిదే. చూసింది రోజూ రాసిపెట్టుకునే అలవాటు చేసుకోవాలి.

ఇంట్లో కోలుకుంటున్న పెద్దవాళ్లు ఉంటే, డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడిగి వాళ్లకు తగిన ఆట ఏదో తెలుసుకోండి. అడగకుండా మొదలుపెట్టకండి. మింగడం కష్టంగా ఉన్నవాళ్ల దగ్గర, పసిపిల్లల దగ్గర గింజలు, గవ్వలు వంటి చిన్న వస్తువులు ఉంచకండి.

నేను కూడా ఒకటి ఒప్పుకోవాలి. సిలబస్ వెనకబడినప్పుడు గేమ్స్ పీరియడ్ అడిగి తీసుకున్న టీచర్లలో నేనూ ఉన్నాను. పిల్లలు మొహాలు మాడ్చుకుంటే, ఆటలదేముంది రేపైనా ఆడొచ్చు అన్నాను. అమ్మ పీట దగ్గర నేర్చుకున్నది నా టైంటేబుల్ దగ్గర మర్చిపోయాను. జనవరి నుంచి ఒక్క గేమ్స్ పీరియడ్ కూడా తీసుకోలేదు. సిలబస్ కొంచెం పరిగెత్తించాల్సి వస్తోంది, కానీ పరిగెత్తాల్సింది నేనే.

సంక్రాంతి సెలవుల ముందు ఆ అమ్మాయిని పిలిచి ఖాళీ ఫారం ఒకటి ఇచ్చాను. "నీకు నచ్చింది రాసుకో. ఈసారి నేను చూడను" అన్నాను. సెలవులయ్యాక ఫారం రాలేదు. దానికి బదులు ఒక రూళ్ల కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. స్కేలుతో గీసిన పట్టిక. తేదీ, నానమ్మ ఎంతసేపు కూర్చుంది, కుడిచేత్తో ఎన్ని గవ్వలు జరిపింది, ఎందుకు ఆపాం.

"ఫిజియో అంకుల్‌ను అడిగే మొదలుపెట్టిన మేడమ్. గింజలొద్దు, పెద్ద గవ్వలు పెట్టమన్నడు" అంది.

మొదటి వరసలో కూర్చున్నది ఐదు నిమిషాలు, జరిపిన గవ్వలు సున్నా, ఆపిన కారణం "ఏడ్చింది" అని ఉంది. తర్వాత నాలుగు రోజులూ సున్నాలే. ఒక రోజు ఒకటి. మళ్లీ సున్నా. చివరి వరసలో ఇరవై నిమిషాలు, మూడు గవ్వలు. ఆపిన కారణం దగ్గర "నానమ్మ ఆపలేదు, నాకే హోంవర్క్ ఉంది" అని రాసింది.

కాగితం కింద మార్కులు వేయలేదు. తేదీ వేసి సంతకం పెట్టి, జాగ్రత్తగా దాచుకోమని తిరిగి ఇచ్చాను.